సర్కారు డబ్బు పడితే సినిమా ఎటు వంగుతుంది? ఎఫ్‌ఎఫ్‌సీ అప్పుల నుంచి టికెట్ జీవోల దాకా

రీలుడబ్బా · #1

గద్దర్ అవార్డుల థ్రెడ్‌లో ఒకాయన "తెలుగు సినిమాకి ప్రభుత్వం ఎన్నడూ పైసా పెట్టలేదు, అందుకే మన దగ్గర ఆర్ట్ సినిమా లేదు" అని రాశారు. అక్కడే జవాబిస్తే గొడవ పక్కదారి పడుతుందని విడిగా మొదలుపెడుతున్నా.

పెట్టలేదన్నది తప్పు. బాగానే పెట్టింది. కాకపోతే కథ మీద పెట్టలేదు, నేల మీద పెట్టింది.

1949లో ఎస్.కె. పాటిల్ అధ్యక్షతన కేంద్రం ఒక విచారణ కమిటీ వేసింది. 1951లో రిపోర్టు వచ్చింది. సినిమాకి అప్పులిచ్చే సంస్థ ఒకటి, సినిమా నేర్పే సంస్థ ఒకటి కావాలని చెప్పింది. తొమ్మిదేళ్లు ఫైలు నిద్రపోయాక 1960లో ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ (ఎఫ్‌ఎఫ్‌సీ) వచ్చింది. పుణె ఇన్‌స్టిట్యూట్ కూడా అదే ఏడు. మొదట్లో ఎఫ్‌ఎఫ్‌సీ మామూలు బ్యాంకులాగే, పేరున్నవాళ్లకే అప్పులిచ్చింది. 60ల చివర్లో రూటు మార్చి చిన్న బడ్జెట్లకి, కొత్తవాళ్లకి ఇవ్వడం మొదలుపెట్టాకే 1969లో మృణాల్ సేన్ 'భువన్ షోమ్' వచ్చింది, మణి కౌల్ లాంటి కొత్త దర్శకుడు వచ్చాడు. మనం 'న్యూ వేవ్' అని గొప్పగా చెప్పుకునేది సగం ఒక లోన్ పాలసీ.

అదే రోజుల్లో మన రాష్ట్రం ఏం చేసింది? సినిమావాళ్లు మద్రాసులో ఉన్నారు, వాళ్లని హైదరాబాద్ తేవాలి. అందుకని రాష్ట్రంలో షూటింగ్ చేస్తే సబ్సిడీ, వినోదపు పన్నులో రాయితీ, స్టూడియో కట్టేవాళ్లకి స్థలాలు. 1956లోనే సారథి స్టూడియో ఉంది, 1976లో అన్నపూర్ణ వచ్చింది. తర్వాత బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ రాళ్ల మధ్య ఫిలింనగర్ లేచింది. పాలసీ అనుకున్నది సాధించింది. అది అడిగింది ఊరు మారమని, సినిమా మారమని కాదు. ఊరు మారింది.

డబ్బు వెనకాల ఉన్న షరతు ఏమిటో చూస్తే ఆ దేశంలో ఎలాంటి సినిమా వస్తుందో చెప్పేయొచ్చని నా నమ్మకం. కాదనేవాళ్లు రండి.

---

ఇంటర్వెల్‌బ్యాంగ్ · #2

అన్నా ఇంత పొద్దున్నే ఇంత పెద్ద పోస్టా. ఒక్క మాట. ప్రభుత్వ డబ్బుతో తీసిన సినిమా మా ఇంట్లో ఒక్కరు కూడా చూడలేదు. నా పన్నుతో ఎవడో గేదె నడుస్తున్న షాట్ పది నిమిషాలు తీస్తే నాకేంటి లాభం?

---

తెనాలి బుల్లోడు · #3

గేదె షాట్ మాట నిజమే కానీ బ్రదర్, మీకు వయసు తక్కువనుకుంటా. 80ల చివర్లో ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో ప్రాంతీయ భాషల అవార్డు సినిమాలు వేసేవాళ్లు. భోజనాలై, ఊళ్లో కరెంటు ఉంటే, ఇంటిల్లిపాదీ చూసేవాళ్లం. వేరే చానెల్ లేదు మరి. కింద ఇంగ్లీషు అక్షరాలు చదవలేక మా నాయనమ్మ "ఆ పిల్ల ఎందుకు ఏడుస్తోందిరా" అని అడుగుతూ ఉండేది. వాటిలో చాలా వరకు సర్కారు డబ్బుతో తీసినవే. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి'కి కూడా ఎఫ్‌ఎఫ్‌సీయే ఇచ్చింది కదా.

మా ఊరి గొప్ప ఒకటి చెప్పుకోనివ్వండి. 1972లో అడూర్ గోపాలకృష్ణన్ మొదటి సినిమా 'స్వయంవరం' ఎఫ్‌ఎఫ్‌సీ అప్పుతోనే తీశారు. దాంట్లో హీరోయిన్ మా తెనాలి శారద. జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. మలయాళం సినిమా, ఢిల్లీ అప్పు, తెనాలి అమ్మాయి.

---

రీలుడబ్బా · #4

శారద గారి సంగతి గుర్తు చేసినందుకు థాంక్స్. కానీ 'పథేర్ పాంచాలి' 1955ది. ఎఫ్‌ఎఫ్‌సీ అప్పటికి పుట్టలేదు. ఆ డబ్బు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానిది. రాయ్ చేతిలో డబ్బయిపోయి షూటింగ్ ఆగిపోతే ముఖ్యమంత్రి బి.సి. రాయ్ దగ్గరికి వెళ్లారు. సినిమాకి ఇవ్వడానికి ప్రభుత్వంలో పద్దే లేదు. పేరులో 'పథం' ఉంది కదా, రోడ్ల అభివృద్ధి ఖాతాలో రాసి ఇచ్చారు! తర్వాత లాభాలు కూడా ప్రభుత్వానికే పోయాయి.

పద్దు లేకపోయినా ఇచ్చిన ముఖ్యమంత్రి ఉంటే ఒక సినిమా వస్తుంది. పద్దు ఉంటే పదిమంది డైరెక్టర్లు వస్తారు. మధ్యలో తేడా అదే.

---

మార్నింగ్‌షో · #5

అందరూ తీసే డబ్బు గురించే మాట్లాడుతున్నారు. ఆడించే డబ్బు సంగతేంటి?

మాది సీ సెంటర్‌లో, అంటే చిన్న ఊళ్లో, ఒక టూరింగ్ టాకీసు, తర్వాత పర్మినెంట్ హాలు. నాన్న నడిపేవారు. ఇప్పుడది ఫంక్షన్ హాలు. 80ల్లో ఆంధ్రప్రదేశ్‌లో స్లాబు పద్ధతి వచ్చింది. అంతకుముందు టికెట్టు టికెట్టుకీ పన్ను. టికెట్ పుస్తకాలు టాక్సు ఆఫీసుకి మోసుకెళ్లి సీలు వేయించుకుని రావాలి, తెగిన టికెట్టుకి లెక్క చెప్పాలి. స్లాబులో ఆ బాధ లేదు. హాలు ఏ స్థాయి ఊళ్లో ఉంది, ఎన్ని సీట్లు, దాన్ని బట్టి వారానికి ఇంత అని కట్టేయడమే. నిండినా కట్టాలి, ఈగలు తోలుకుంటున్నా కట్టాలి.

మొదట్లో మాకందరికీ సంబరమే. దొంగ లెక్కల టెన్షన్ పోయింది. కానీ రెండేళ్లలో నాన్న బొమ్మ ఎంచుకునే తీరు మారిపోయింది. పన్ను ఎలాగూ ఖాయం కాబట్టి, మొదటి వారం హాలు నింపే హీరో బొమ్మే కావాలి. మెల్లగా జనం పట్టే చిన్న బొమ్మ, రెండో వారంలో పికప్ అయ్యే బొమ్మ, అది వేసినన్నాళ్లూ చేతి డబ్బే. ఎవరూ ఆర్ట్ సినిమా వద్దని జీవో ఇవ్వలేదు. స్లాబు ఇచ్చారు, అదే సరిపోయింది.

---

పన్నుపోటు · #6

@మార్నింగ్‌షో గారూ, ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా ఇదే బెస్ట్ పోస్ట్. నేను సీఏని, నాకు సినిమా కన్నా దాని బ్యాలెన్స్ షీటు ఇష్టం, అందుకని చెబుతున్నా.

పన్ను రాయితీ కూడా ప్రభుత్వ ఖర్చే. బడ్జెట్‌లో కనపడదు, అంతే. కెనడా కథ చూడండి. 70ల మధ్యలో వాళ్లు కెనడా సినిమాలో పెట్టుబడి పెడితే మొత్తం అదే ఏడాది ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు అన్నారు. ఇంకేం, డాక్టర్లు, డెంటిస్టులు, లాయర్లు ఎగబడ్డారు. వాళ్లకి సినిమా ఆడాలన్న బెంగ లేదు, మార్చి నెలాఖరు బెంగలాంటిది వాళ్లకూ ఉంది. కుప్పలుగా హారర్లు, థ్రిల్లర్లు తీశారు. టొరంటో వీధుల్ని అమెరికా వీధుల్లా చూపించారు. కెనడా జాతీయ సినిమా కోసం పెట్టిన రాయితీతో కెనడాని దాచిపెట్టిన సినిమాలొచ్చాయి. 1982 నాటికి ఆ వెసులుబాటు తగ్గించేశారు.

అలాగని అన్నీ చెత్త అనను, డేవిడ్ క్రోనెన్‌బర్గ్ లాంటి దర్శకుడు ఆ గుంపులోంచే పైకొచ్చాడు.

మహారాష్ట్ర ఇంకో దారి పట్టింది. మరాఠీ సినిమా కట్టిన వినోదపు పన్నుని అదే నిర్మాత తర్వాతి మరాఠీ సినిమాకి వెనక్కిచ్చేవాళ్లు. జేబులో వేసుకోవడానికి లేదు, మళ్లీ తీయాల్సిందే. చిన్న తేడా, పెద్ద ఫలితం.

---

లియోన్ తెలుగోడు · #7

మీరు చెప్పిన మరాఠీ పద్ధతికి పెద్దన్న ఇక్కడ ఫ్రాన్స్‌లో ఉంది. నేను లియోన్‌లో ఉంటా, ల్యుమియేర్ సోదరులు తొలి సినిమా తీసిన ఫ్యాక్టరీ గేటు మా ట్రామ్ దారికి దగ్గరే.

ఇక్కడ సీఎన్‌సీ అని, ప్రభుత్వ సినిమా సంస్థ, 1946లో పెట్టారు. హాల్లో అమ్మిన ప్రతి టికెట్ మీద 10.72 శాతం దానికి పోతుంది. ఏ దేశం సినిమా అన్నది సంబంధం లేదు. నేను ఇక్కడ 'ఆర్‌ఆర్‌ఆర్' చూసినప్పుడు నా టికెట్లోంచి కూడా పోయింది. అంటే రామరాజు, భీమ్ కలిసి ఎవరో ఫ్రెంచి కుర్రాడి మొదటి సినిమాకి చందా వేశారన్నమాట. హాలీవుడ్ ఎంత ఆడితే వీళ్ల ఖాతాలోకి అంత. ఇది ఖజానా నుంచి దానం కాదు, సినిమా నుంచి సినిమాకి.

తిరిగి ఇచ్చేది రెండు రకాలుగా. ఒకటి ఆటోమేటిక్. నీ సినిమా ఎంతమంది చూశారో దాన్ని బట్టి నీ పేరు మీద జమ అవుతుంది, తర్వాతి సినిమాకే వాడాలి. రెండోది 1959లో మాల్రో సాంస్కృతిక మంత్రిగా ఉన్నప్పుడు తెచ్చింది. స్క్రిప్టు చూసి వసూళ్ల మీద అడ్వాన్సు ఇస్తారు. సినిమాకి డబ్బొస్తే తిరిగి కట్టాలి. చాలావరకు రాదు, కట్టరు. హిట్ తీసేవాడికి ఒక దారి, తీయలేనివాడికి ఒక దారి. రెండూ ఒకదాన్నొకటి తిట్టుకుంటూ బతుకుతుంటాయి. పేపర్లలో "ఎవరూ చూడని సినిమాలు ఎన్ని తీస్తారు" అన్న గొడవ ఇక్కడా ఏటా ఉంటుంది. @ఇంటర్వెల్‌బ్యాంగ్, మీకు ఇక్కడ బోలెడు మంది ఫ్రెండ్స్ దొరుకుతారు.

---

ఇంటర్వెల్‌బ్యాంగ్ · #8

వీసా పంపండి బ్రో 😄

సీరియస్‌గా, టికెట్ మీద లెవీ అంటే మన దగ్గర ఎవడు ఒప్పుకుంటాడు? ఇప్పటికే వంద దాటిన టికెట్ మీద 18 శాతం జీఎస్టీ. దాంట్లోంచి సినిమాకి తిరిగొచ్చేది ఎంత?

---

పన్నుపోటు · #9

సినిమా పేరు మీద? సున్నా. అదే అసలు కిటుకు. 2017 జూలైకి ముందు వినోదపు పన్ను రాష్ట్రాల చేతిలో ఉండేది, కాబట్టి 'ఈ సినిమాకి రాయితీ' అనగలిగేవాళ్లు. జీఎస్టీ వచ్చాక ఆ మీట చాలావరకు చేతిలోంచి జారిపోయింది. ఇప్పుడు రాష్ట్రం దగ్గర మిగిలిన పెద్ద మీట టికెట్ రేటు. అందుకే గొడవలన్నీ అక్కడే చూస్తున్నాం.

---

కృష్ణ ఏడీ · #10

రేటు మీటలో కూడా షరతు దాక్కుంది సార్. 2022 మార్చిలో ఏపీ ప్రభుత్వం ఇచ్చిన జీవో 13 గుర్తుందా? అంతకుముందు ఏడాది జీవో 35లో పల్లెటూళ్లో నేల టికెట్ ఐదు రూపాయలని పెట్టి గగ్గోలు అయ్యాక సవరించింది అది. హీరో, డైరెక్టర్ పారితోషికాలు కాకుండా బడ్జెట్ వంద కోట్లు దాటితే మొదటి పది రోజులు రేటు పెంచుకోవచ్చు. కానీ షూటింగ్‌లో 20 శాతం ఏపీలో జరిగి ఉండాలి.

రీలుడబ్బా అన్న మొదటి పోస్టులో చెప్పిందే ఇది. 60ల్లో "మద్రాసు నుంచి రండి". 2022లో "హైదరాబాద్ నుంచి రండి". మధ్యలో అరవై ఏళ్లు గడిచాయి, అడిగే ప్రశ్న మాత్రం ఒకటే, ఎక్కడ తీశావు? ఏం తీశావు అని అడిగిన జీవో నేను చూడలేదు.

నా సొంత అనుభవం ఒకటి. కొన్నేళ్ల క్రితం ఒక చిన్న సినిమాకి పనిచేశా. ఏ రాష్ట్రమో చెప్పను. సబ్సిడీకి పెట్టుకున్నాం. ప్రతి లొకేషన్ దగ్గరా స్థానికంగా షూట్ చేశామని కాగితం మీద సంతకం, సీలు కావాలి. ఒక చెరువు గట్టు మీద తీసిన సీనుకి ఎవరి సంతకం తీసుకోవాలో మూడు రోజులు తేలలేదు. చెరువు ఒక శాఖది, గట్టు పంచాయతీది, గట్టు మీద చింతచెట్టు ఒక రైతుది. చివరికి చెట్టాయన సంతకం పెట్టాడు. ఆఫీసులో అది చెల్లదన్నారు. డబ్బు ఈరోజుకీ రాలేదు. కామెడీ ఏంటంటే, తర్వాతి స్క్రిప్టులో మా డైరెక్టర్ చెరువు సీను తీసేసి ఇంట్లో పెట్టాడు. పాలసీ సినిమాని ఎలా మారుస్తుందని అడిగితే నేను ఆ సీను చూపిస్తా.

---

సుజాత · #11

కృష్ణ గారి చింతచెట్టు చదివి నవ్వు ఆగలేదు, ఆనక ఏడుపొచ్చింది.

'ఏం తీశావు' మాత్రమే కాదు, 'ఎవరు తీశారు' అని అడిగిన పాలసీ ఒకటి పక్కనే ఉంది. కేరళ ప్రభుత్వం 2019 నుంచి వాళ్ల ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ద్వారా మహిళా దర్శకులకి సినిమాకి కోటిన్నర వరకు పెడుతోంది. తర్వాత ఎస్సీ, ఎస్టీ దర్శకులకి కూడా. 'బి 32 ముదల్ 44 వరె' అలా వచ్చిందే. ఆడవాళ్ల ఒంటి మీద వాళ్లకే ఉండే ఇబ్బందుల గురించి. ఏ ప్రైవేటు నిర్మాతకైనా ఆ పేరు చెబితే ఫోన్ పెట్టేస్తాడు. (బ్రా సైజులు, అర్థం కానివాళ్ల కోసం.)

2025 ఆగస్టులో తిరువనంతపురంలో ఫిల్మ్ పాలసీ సభలో అడూర్ గోపాలకృష్ణన్ లేచి, కోటిన్నర ఎక్కువ, తలా 50 లక్షలు చొప్పున ముగ్గురికి ఇవ్వండి, ముందు శిక్షణ ఇవ్వండి అన్నారు. పెద్ద దుమారం. పైన #3లో చెప్పుకున్నదే కదా, ఆయన మొదటి సినిమా కూడా ప్రభుత్వ అప్పే. పుణెలో ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్‌లోనే చదువుకున్నారు. అప్పట్లో ఆయన్ని నమ్మిన డబ్బు ఇప్పుడు కొత్తవాళ్లని నమ్మడానికి ట్రైనింగ్ సర్టిఫికెట్ అడగాలా?

---

తెనాలి బుల్లోడు · #12

సుజాత గారూ, పెద్దాయన మాటలో సగం న్యాయం ఉందేమో. ఆయనకి శిక్షణ ఉంది, కాబట్టే అడుగుతున్నారు. కర్ణాటకలో ఏమైంది? ఏడాదికి వందకు పైగా సినిమాలకి తలో పది లక్షలు పంచుతూ వచ్చారు. దానికోసమే సినిమా తీసేవాళ్లు తయారయ్యారు. 'సబ్సిడీ సినిమా' అంటే అక్కడ తిట్టు.

---

సుజాత · #13

పంచడం వేరు, ఎంచడం వేరు సార్. కర్ణాటకలో ఎక్కువమందికి కొంచెం. కేరళలో కొద్దిమందికి సరిపడా. మీరు వెనకేసుకొస్తున్న 50 లక్షల లెక్క మనల్ని కర్ణాటక వైపుకే తీసుకెళుతుంది. మూడో వంతు డబ్బుతో సినిమా రాదు. మిగతా డబ్బు కోసం అమ్మాయి మళ్లీ ఆ ప్రైవేటు నిర్మాత గుమ్మం దగ్గరే నిలబడాలి.

---

తెనాలి బుల్లోడు · #14

ఈ పాయింట్ ఒప్పుకుంటున్నా. మిగతా సగానికి రేపు వస్తా.

---

మోడరేటర్ · #15

రెండు పోస్టులు తీసేశాం. ఏ హీరో ఫ్యాన్స్ ఎవరికి ఎంత పన్ను కట్టారన్నది ఇక్కడి విషయం కాదు.

---

రీలుడబ్బా · #16

ఎన్‌ఎఫ్‌డీసీ (నేషనల్ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్) గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే. 1976లో పార్లమెంటు కమిటీ ఒకటి ఎఫ్‌ఎఫ్‌సీని ఉతికి ఆరేసింది, డబ్బు వెనక్కి రాని సినిమాలు ఎందుకు తీయిస్తున్నారని. 1980లో దాన్ని ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు. కొత్త సంస్థకి సంపాదన దారి కూడా ఇచ్చారు. ముడి ఫిల్ము, విదేశీ సినిమాల దిగుమతి దాని చేతి మీదుగా జరిగేది. 'గాంధీ' సినిమాలో వాటా పెట్టింది. ఆ లాభాల్లోంచి పేద కళాకారుల సంక్షేమ నిధి కూడా పుట్టింది. మరో పక్క ఏడు లక్షల లోపు బడ్జెట్‌తో 'జానే భీ దో యారో'. ఒకే ఖాతాలోంచి అంత పెద్దదీ ఇంత చిన్నదీ.

90ల్లో దిగుమతులు అందరికీ తెరిచారు. ఆ సంపాదన పోయింది, సినిమాలూ సన్నగిల్లాయి. 2007 నుంచి గోవాలో ఫిల్మ్ బజార్ పెట్టి, డబ్బిచ్చేవాడి పాత్ర నుంచి పెళ్లిళ్ల పేరయ్య పాత్రలోకి మారింది. స్క్రిప్టు పట్టుకొచ్చినవాణ్ని విదేశీ నిర్మాతతో కలపడం. 'లంచ్‌బాక్స్' ఆ దారిలోదే.

దాని పర్యవసానం 2024లో చూశాం. పాయల్ కపాడియా సినిమా 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' కాన్ ఫెస్టివల్‌లో రెండో పెద్ద బహుమతి గ్రాంప్రీ గెలిచింది. ముఖ్య నిర్మాణం ఫ్రాన్స్‌ది, డబ్బు నాలుగైదు యూరప్ దేశాలది. ఫ్రాన్స్ తన ఆస్కార్ షార్ట్‌లిస్టులో పెట్టుకుంది. మన తరఫున ఆస్కార్‌కి సినిమా ఎంచే ఫిల్మ్ ఫెడరేషన్ జ్యూరీ మాత్రం ఇండియాలో జరిగే యూరోపియన్ సినిమాలా ఉందంది! ముంబైలో మలయాళీ నర్సుల కథ. దాన్ని ఇండియా హాళ్లలో విడుదల చేసింది మన రానా సంస్థ. లియోన్ అన్న చెప్పిన టికెట్ లెవీ లాంటి డబ్బే తిరిగి తిరిగి ఆ నర్సుల ఇంటికి చేరింది, ఎక్కువగా అది మన డబ్బు కాదు.

---

కృష్ణ ఏడీ · #17

తెలుగులో ఆ పాత్ర ఎవరు చేస్తున్నారో చెప్పనా అన్నా? ఎన్నారైలు. 'కేరాఫ్ కంచరపాలెం' నిర్మాత అమెరికాలో గుండె డాక్టరు. కెనడా డెంటిస్టులకి పన్ను రాయితీ ఉండేది, మనవాళ్లకి అదీ లేదు. సెలవు పెట్టి విశాఖ వచ్చి సొంత డబ్బు పెట్టారు. మన ఎన్‌ఎఫ్‌డీసీ డాలస్‌లో, న్యూజెర్సీలో ఉంది.

దానికీ ఓ షరతుంది. డబ్బిచ్చిన డాక్టరు గారికి ఊరు గుర్తుండాలి. అందుకే మన ఇండీ సినిమాల్లో చాలావాటిలో వదిలి వచ్చిన ఊరు, చిన్నప్పటి ఊరు కనిపిస్తుంది. ఈ రోజు గచ్చిబౌలి లేబర్ క్యాంపులో బిహారీ కుర్రాడి కథకి ఏ డాక్టరు ఇస్తాడు? నేను రెండేళ్లుగా అదే పట్టుకుని తిరుగుతున్నా, అందుకే కడుపు మండి రాస్తున్నా.

---

లియోన్ తెలుగోడు · #18

కృష్ణా, ఇక్కడ విదేశీ సినిమాలకి కో-ప్రొడక్షన్ ఫండ్ ఉంది. కానీ ఫ్రెంచి నిర్మాత చేతిలో ఉండాలి, ఖర్చులో కొంత ఇక్కడ పెట్టాలి. అంటే నీ గచ్చిబౌలి సినిమాకి సౌండ్ మిక్సింగ్ పారిస్‌లో అవుతుంది. ప్రైవేట్ మెసేజ్ పెట్టు, ఒకరిద్దరు తెలుసు.

---

ఇంటర్వెల్‌బ్యాంగ్ · #19

నేను మొదట వెటకారంగా అన్నా కానీ ఒకటి అడగాలి. @మార్నింగ్‌షో గారూ, మీ నాన్నగారు ఎప్పుడైనా ఆ అవార్డు బొమ్మలు వేశారా? జనం వచ్చారా?

---

మార్నింగ్‌షో · #20

నువ్వు అడిగావని అటక మీద ట్రంకుపెట్టె దింపా తమ్ముడూ. పాత డీసీఆర్ పుస్తకాలు (రోజువారీ వసూళ్ల లెక్కలు), సగం చెదలు. 80ల చివర్లో ఒక అవార్డు బొమ్మ వేశారు. పేరు అక్కర్లేదులే. ఒక్క వారం. ఆదివారం మ్యాట్నీకి 41 టికెట్లు, అందులో నేల 30. సోమవారం మార్నింగ్ షోకి 9. పన్ను కాలమ్‌లో ఆ వారం ఉన్న అంకె, ముందు వారం హౌస్‌ఫుల్ బొమ్మ దగ్గరున్న అంకె ఒకటే.

పేజీ అంచున నాన్న పెన్సిల్‌తో రాసుకున్నారు: "బొమ్మ బాగుంది. గురువారం ఎత్తేయాలి."